‘స్వయంసిద్ధం’ అనే మాటను సరిగా వాడటం ఎలా

వ్యాసాలు దిద్దే పనిలో ఉన్నవారికి ఒక తరహా వాక్యం తరచుగా ఎదురవుతుంది: ‘మాతృభాషలో చదివిన పిల్లలకు లెక్కలు త్వరగా పట్టుబడతాయన్నది స్వయంసిద్ధం.’ ఆ వాక్యంలోని విషయంతో నాకు పేచీ లేదు, నేనూ అదే నమ్ముతాను. నా అభ్యంతరమంతా చివరి మాట మీదే. ఆ సంగతి బడుల్లో పిల్లలను గమనించి, వారు చదివే తీరును పోల్చి చూసి తేల్చవలసినది. అలా తేల్చవలసినదాన్ని స్వయంసిద్ధం అనేస్తే, రాసినవారు తమకు అండగా నిలిచే సాక్ష్యాన్ని తామే పక్కకు నెట్టినట్టవుతుంది. స్వయంసిద్ధం అంటే ‘గట్టి నిజం’ అని కాదు, ‘అందరికీ తెలిసిన నిజం’ అని కూడా కాదు. వేరే రుజువు కోసం ఎక్కడికీ వెళ్ళనవసరం లేకుండా, మాటల అర్థం బోధపడిన క్షణంలోనే నిజమని తేలిపోయేది అని దాని అర్థం. ఆ మాట రాసిన ప్రతిసారీ మనం పాఠకుడితో ‘దీనికి రుజువు అడగవద్దు’ అంటున్నాం. ఆ మినహాయింపు కోరడానికి మనకు హక్కు ఎప్పుడు ఉంటుందో, లేనప్పుడు ఏ మాట వాడుకోవాలో తెలిస్తే ఈ పదాన్ని వాడటం వచ్చినట్టే.

మాటను విప్పి చూడండి

స్వయం అంటే తనంతట తాను. స్వయంకృషి, స్వయంపాకం, స్వయంవరం, స్వయంకృతాపరాధం వంటి మాటల్లో మనం ఎప్పుడూ వింటున్నదే. యాదగిరిగుట్ట నరసింహస్వామిని భక్తులు స్వయంభువు అన్నప్పుడు, ఎవరో చెక్కి ప్రతిష్ఠించిన మూర్తి కాదని, తనంతట తానే వెలసిన స్వామి అని వారి భావం. ఈ సగంతో ఇబ్బంది లేదు.

ఇబ్బంది రెండో సగంతో వస్తుంది. వంట సిద్ధం, ప్రయాణానికి సిద్ధం అంటూ మనం సిద్ధం అనే మాటను తయారుగా ఉండటం అనే అర్థంలోనే ఎక్కువగా వాడుతాం. అందుకే స్వయంసిద్ధం అనగానే చాలామంది విద్యార్థులు తనంతట తాను తయారైనది అనుకుంటారు. తర్కశాస్త్రంలో సిద్ధం అంటే రుజువై నిలిచినది. ఇంకా రుజువు కావలసినది సాధ్యం. రోజువారీ మాటల్లో సాధ్యం అంటే వీలయ్యేది కాబట్టి అక్కడా అదే చిక్కు. ‘కొండ మీద నిప్పు ఉంది, పొగ కనిపిస్తోంది కనుక’ అనే పాత ఉదాహరణను తీసుకుంటే, నిప్పు ఉందన్నది సాధ్యం, పొగ హేతువు, పొగ ఉన్నచోట నిప్పు ఉండటాన్ని మనం ఎరిగిన వంటిల్లు దృష్టాంతం. తర్కం మొదలుపెట్టేవారు నేటికీ చదివే తర్కసంగ్రహంలో ఉన్నది ఈ ఉదాహరణే. దాన్ని రాసిన అన్నంభట్టు ఆంధ్రదేశపు పండితుడు. కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడనే నానుడి పండితుల్లో ఉంది. సాధ్యం ఉందో లేదో అన్న సందేహం ఉన్నచోటే అనుమానానికి, అంటే హేతువుతో ఊహించి తేల్చడానికి, పని ఉంటుందని ఆయన చెప్పిన లక్షణాన్ని బట్టి అర్థమవుతుంది. సందేహం లేనిచోట, అప్పటికే సిద్ధమైనదాన్ని మళ్ళీ సాధించబోతే దాన్ని సిద్ధసాధనం అనే దోషంగా లెక్కిస్తారు.

ఇప్పుడు రెండు సగాలనూ కలిపి చూడండి. ఇంకొక హేతువు సాయం లేకుండా, తనంతట తానే రుజువై నిలిచినది స్వయంసిద్ధం. అటువంటివి కొన్ని ఉండక తప్పదని తార్కికులు ఎందుకు అంటారో కూడా తెలుసుకోవాలి. ప్రతి మాటకూ రుజువు కావాలంటే, ఆ రుజువుకు మరో రుజువు, దానికి ఇంకొకటి కావాలి. ఈ తెగని వరుసకు మన శాస్త్రాల్లో అనవస్థ అని పేరు. పోనీ వరుసను తెంచడానికి మొదటిదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మళ్ళీ మొదటిదానితో నిలబెట్టబోతే అది అన్యోన్యాశ్రయం, అంటే ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకోవడం. ఈ రెండు గోతుల్లోనూ పడకుండా వాదం ఎక్కడో ఒకచోట కాలు మోపాలి. ఆ కాలు మోపే చోటు కోసమే ఈ మాట పుట్టింది. అంత బరువు మోసే మాటను ‘నిజమే కదా’ అనడానికి బదులుగా వాడితే అది అరిగిపోతుంది.

కాదనేవాడిని ఎదురుగా నిలబెట్టి చూడండి

ఒక వాక్యాన్ని స్వయంసిద్ధం అనవచ్చో లేదో పరీక్షించడానికి నాకు తెలిసిన మంచి మార్గం ఒకటుంది. దాన్ని కాదనే మనిషిని ఎదురుగా ఊహించుకుని, అతని పరిస్థితి ఏమిటో చూడాలి. 

‘మేనమామ అంటే అమ్మకు అన్నో తమ్ముడో’ అన్నామనుకోండి. ఒకరు దీన్ని కాదంటే వారితో వాదించం, మేనమామ అనే మాట వారికి తెలియదని గ్రహించి అర్థం చెబుతాం. ఇది స్వయంసిద్ధమే, కాకపోతే మాట అర్థం మీద నిలిచిన చిన్న తరహా స్వయంసిద్ధం. ‘మేనమామకు మేనకోడలి మీద మమకారం ఎక్కువ’ అన్నామనుకోండి. కాదనేవారికి మాట అర్థం తెలుసు, వారి ఇంటి అనుభవం వేరు, అంతే. ఇది అనుభవం నుంచి వచ్చిన మాట కాబట్టి స్వయంసిద్ధం కాదు. ‘అక్క కూతురిని మేనమామకు ఇవ్వవచ్చు’ అన్న మూడో మాట మరీ ఆలోచించదగినది. మేనరికాలు తరతరాలుగా నడిచిన తెలుగు ఇళ్ళలో ఇది అడగనవసరం లేని సంగతిలా ఉండేది, ఉత్తరాదిలో ఎన్నో కులాల్లో అదే మాట వింటే చెవులు మూసుకుంటారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఇటువంటి దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళను నిషేధిస్తూనే, ఆచారం అనుమతించే చోట మినహాయింపు ఇచ్చింది. చట్టం మినహాయింపు రాసుకోవలసి వచ్చిందంటేనే అది ఆచారమని, స్వయంసిద్ధం కాదని తేలిపోతుంది. తన ఊళ్ళో ఎవరూ ప్రశ్నించని మాటను మరో ఊరికి తీసుకువెళ్ళి చెప్పి చూడటం ఈ పరీక్షలో భాగమే.

ఈ పరీక్షలో పూర్తిగా నెగ్గే సత్యాలు చాలా తక్కువ. వాటిలో ఒకదానికి శంకరాచార్యులు ఇదే మాటను వాడటం గమనించదగిన విషయం. బ్రహ్మసూత్ర భాష్యం రెండవ అధ్యాయం మూడవ పాదంలో ఆయన, ఆత్మ ఎవరికీ బయటి నుంచి వచ్చి చేరినది కాదని, అది స్వయంసిద్ధమని అంటారు. బయటి నుంచి వచ్చినదాన్నయితే కాదనవచ్చు, ఆత్మను కాదనబోతే ఆ కాదనేవాడి స్వరూపమే ఆత్మ అయి కూర్చుంటుంది కనుక దాన్ని తోసిపుచ్చడం కుదరదని ఆయన వాదం. అదే భాష్యం మొదట్లో, ‘నేను లేను’ అని ఎవరూ అనుకోరని కూడా చెప్పారు. అద్వైతాన్ని అంగీకరించేవారూ అంగీకరించనివారూ ఇద్దరూ ఇక్కడ నేర్చుకోవలసిన పద్ధతి ఒకటుంది: కాదనడానికి నోరు తెరిస్తే చాలు, ఆ నోరే ఔనన్నట్టు అయ్యే మాట స్వయంసిద్ధం. ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త డెకార్ట్ 1637లో ‘ఆలోచిస్తున్నాను కనుక ఉన్నాను’ అన్నప్పుడు పట్టుకున్నదీ ఇటువంటి చోటునే. అంతకు ముందు గ్రీకు దేశంలో అరిస్టాటిల్, ఒకే గుణం ఒకే వస్తువుకు ఒకే సమయంలో ఒకే విధంగా ఉండటమూ లేకపోవటమూ రెండూ జరగవన్న నియమాన్ని గురించి ఇదే రీతిలో వాదించాడు. దీన్ని నేరుగా రుజువు చేయలేం, అయితే దీన్ని కాదనేవాడు అర్థమున్న మాట ఒక్కటి పలికినా చాలు, ఆ మాటకు ఒక అర్థమే కాని దాని వ్యతిరేకార్థం లేదని ఒప్పుకున్నవాడవుతాడు. 

మీ వాక్యం ఈ స్థాయిలో నిలబడితే నిస్సంకోచంగా స్వయంసిద్ధం అనండి. నూటికి తొంభై వాక్యాలు నిలబడవు, అది వాటికి తక్కువ కాదు. స్వయంసిద్ధం కాదు అంటే అబద్ధం అని అర్థం కాదు, రుజువు చూపవలసి ఉంది అని మాత్రమే అర్థం. ఈ తేడాను మరిచి, ఒకరు ‘ఇది స్వయంసిద్ధం కాదు’ అనగానే తమ మాటను తప్పుపట్టారని నొచ్చుకునేవారిని చాలామందిని చూశాను.

అందరూ ఎరిగినదానితో కలపకండి

‘భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్నది స్వయంసిద్ధ సత్యం’ అనే వాక్యం పిల్లల వ్యాసాల్లో, పెద్దల ప్రసంగాల్లో కూడా కనిపిస్తుంది. ఇది అందరికీ తెలిసిన సత్యమే, కానీ ఇంతగా రుజువు అవసరమైన సత్యం మరొకటి దొరకడం కష్టం. తెల్లవారి వాకిట్లో నిలుచున్న మనిషికి తనంతట తోచేది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి: కాళ్ళ కింది నేల కదలడం లేదు, సూర్యుడే తూర్పున లేచి పడమటికి వెళుతున్నాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని చెప్పడానికి ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో పడవ ఉపమానాన్ని వాడవలసి వచ్చింది. ముందుకు సాగే పడవలోని మనిషికి ఒడ్డున కదలకుండా ఉన్న చెట్లు వెనక్కు పోతున్నట్టు కనిపిస్తాయి, అలాగే కదలని నక్షత్రాలు మనకు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయని ఆయన చెప్పాడు. అంతటి చక్కని ఉపమానం చెప్పినా, 628లో బ్రహ్మగుప్తుడు ఆ మాటను ఒప్పుకోలేదు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న సంగతి కోపర్నికస్ పుస్తకం వెలువడిన 1543 నుంచి లెక్కిస్తే, ఒక నక్షత్రం స్థానంలో ఏటా వచ్చే అతి చిన్న మార్పును బెస్సెల్ కొలిచి చూపిన 1838 వరకు దాదాపు 300 ఏళ్ళ పరిశీలన దానికి పట్టింది. ఇంతమంది శ్రమ పడి తెచ్చిన సత్యాన్ని స్వయంసిద్ధం అనడం ఆ శ్రమను చెరిపివేయడమే. అటువంటి చోట ‘నిర్ధారితమైన సత్యం’, ‘రుజువైన సంగతి’ అనండి.

కోర్టుల్లోనూ ఈ తేడా ఉంది. కొన్ని సంగతులకు సాక్ష్యం అడగకుండా న్యాయస్థానం తానే గమనంలోకి తీసుకుంటుంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 56, 57 సెక్షన్లు ఈ విషయం చెప్పేవి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ ఏర్పాటు కొనసాగుతోంది. దేశంలో ఏ చట్టం అమలులో ఉందో ఎవరూ సాక్షిని పిలిచి చెప్పించరు. కానీ ఆ చట్టం ఉందన్నది మాటల అర్థంలోంచి తేలేది కాదు, ఎప్పుడో పార్లమెంటులో జరిగిన సంఘటన. రుజువు అడగరు కనుక స్వయంసిద్ధం అనుకోకూడదు. ఇక్కడ ‘నిర్వివాదాంశం’ సరిపోతుంది.

ముంజేతి కంకణానికి అద్దమేల అనే మన సామెతను కూడా దీనికి అన్వయిస్తుంటారు. ముంజేతి కంకణం కళ్ళకు కనబడుతోంది, అద్దం అవసరం లేదు. అంటే అది ప్రత్యక్షం. కళ్ళు మూసుకుంటే కంకణం ఉందో లేదో చూపుతో చెప్పలేం. స్వయంసిద్ధమైన మాట కళ్ళు మూసుకుని ఆలోచించినా నిలుస్తుంది. కాబట్టి కళ్ళెదుట ఉన్నదానికి ‘ప్రత్యక్షం’, ‘కరతలామలకం’, ‘కళ్ళకు కట్టినట్టు ఉంది’ వంటి మాటలు వాడుకోండి. 

గణితంలో ‘స్వీకృతం’ ఎందుకు మంచి మాట

యూక్లిడ్ క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో జ్యామితిని వరుసగా కూర్చినప్పుడు, మొదట ఐదు సామాన్య భావనలను, రేఖలకు వృత్తాలకు సంబంధించిన మరో ఐదు నియమాలను రుజువు లేకుండా పెట్టుకుని, మిగిలిన సిద్ధాంతాలన్నిటినీ వాటి మీద నిలబెట్టాడు. ఇంగ్లీషులో యాక్సియం అనే మాటకు నిఘంటువుల అర్థం స్వయంసిద్ధ సత్యమే. అయితే తెలుగు మాధ్యమ గణిత పాఠాల్లో స్వీకృతం అనే మాట స్థిరపడింది. స్వీకృతం అంటే మనం స్వీకరించినది. అది తనంతట తాను నిజమని ఆ మాట చెప్పడం లేదు, దీన్ని ఒప్పుకుని మొదలుపెడుతున్నాం అని మాత్రమే చెబుతోంది. నా దృష్టిలో ఇది ఇంగ్లీషు మాట కన్నా నిజాయితీ గల మాట. 

ఎందుకో ఒక బత్తాయి పండుతో తేల్చుకోవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలకు త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని చెప్పాక, బత్తాయి తొడిమ దగ్గర పెన్ను పెట్టి నేరుగా కిందికి, పండు నడుము దాకా ఒక గీత గీయండి. అక్కడ లంబకోణంలో తిరిగి, నడుము చుట్టు కొలతలో సరిగ్గా నాలుగో వంతు దూరం గీత సాగించండి. మళ్ళీ లంబకోణంలో తిరిగి తొడిమ దాకా పైకి రండి. తొడిమ దగ్గర ఏర్పడిన కోణం కూడా లంబకోణమే అవుతుంది. మూడు గీతలూ ఆ పండు మీద పెన్ను పక్కకు ఒంగకుండా వెళ్ళగలిగిన అతి నేరైన దారులే, మూడు కోణాల మొత్తం మాత్రం 270 డిగ్రీలు. పిల్లలు మొదట కోణమానినిని పండు మీద వంచి కొలిచి, తరువాత ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. 180 డిగ్రీలన్న ఫలితం యూక్లిడ్ ఐదో నియమం మీద, అంటే సమాంతర రేఖలకు సంబంధించిన నియమం మీద ఆధారపడి ఉంది. అది స్వయంసిద్ధమా, లేక మిగిలిన నాలుగింటి నుంచి రుజువు చేయవచ్చా అని రెండు వేల ఏళ్ళు గణితజ్ఞులు తలలు బద్దలుకొట్టుకున్నారు. చివరికి రష్యాలో లోబచెవ్‌స్కీ 1829లో, హంగరీలో బొయాయ్ 1832లో, ఆ నియమాన్ని తోసిపుచ్చి కూడా ఏ వైరుధ్యమూ కనబడని జ్యామితిని కట్టి చూపారు. అంటే అది మనం ఎంచుకున్నది, తనంతట తాను నిలిచినది కాదు.

మొత్తం దానిలోని భాగం కన్నా పెద్దదన్న సామాన్య భావన గతి కూడా ఇంచుమించు ఇంతే. కొబ్బరికాయకు, దాని చెక్కకు ఇది నూరుపాళ్ళూ వర్తిస్తుంది. కానీ 1, 2, 3 అంటూ సాగే సంఖ్యలన్నిటినీ ఒక వరుసలో నిలబెట్టి, వాటి కింద 2, 4, 6 అంటూ సరిసంఖ్యలను మాత్రమే నిలబెడితే, పై వరుసలో ప్రతి సంఖ్యకూ కింద సరిగ్గా ఒక జోడీ దొరుకుతుంది, ఎక్కడా ఎవరూ మిగలరు. సరిసంఖ్యలు మొత్తం సంఖ్యల్లో ఒక భాగమే అయినా, జోడీలు కట్టి లెక్కిస్తే తక్కువ తేలడం లేదు. గెలీలియో 1638లోనే వర్గసంఖ్యలతో ఈ వింతను చూపాడు. అందువల్ల ‘పరిమితమైన వస్తువుల విషయంలో’ అనే హద్దు చేర్చి చెబితేనే ఆ మాట స్వయంసిద్ధం. హద్దు చేర్చడం మాటను బలహీనపరచదు, నిలబెడుతుంది. 

మన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో ఈ తేడాకు ఏనాడో పేర్లు పెట్టారు. గౌతముని న్యాయసూత్రాలు సిద్ధాంతాన్ని నాలుగు రకాలుగా విభజిస్తాయి: అన్ని శాస్త్రాలకూ సమ్మతమైనది సర్వతంత్ర సిద్ధాంతం, ఒక శాస్త్రానికి మాత్రమే సమ్మతమైనది ప్రతితంత్ర సిద్ధాంతం, ఒకటి తేలితే దానితో పాటు మరికొన్ని తేలిపోయేది అధికరణ సిద్ధాంతం, పరీక్షించకుండానే ప్రస్తుతానికి ఒప్పుకుని ముందుకు సాగేది అభ్యుపగమ సిద్ధాంతం. నేటి గణితంలోని స్వీకృతం ఈ చివరిదానికి చాలా దగ్గరి చుట్టం. మీ వ్యాసంలో ఒక విషయాన్ని రుజువు చేయకుండా మొదలుపెట్టదలిస్తే, స్వయంసిద్ధం అనే బదులు ‘ఈ వ్యాసం వరకు దీన్ని ఒప్పుకుని మొదలుపెడుతున్నాను’ అని రాయండి. ఆ వాక్యం చదివిన పాఠకుడు మీతో ఏకీభవించకపోయినా మీ వెంట నడుస్తాడు.

స్వతస్సిద్ధం, చర్వితచర్వణం

స్వయంసిద్ధానికి బాగా దగ్గరగా ఉండి, ఎక్కువగా తారుమారయ్యేది స్వతస్సిద్ధం. స్వతః అంటే తన నుంచి, తన స్వభావం నుంచి. వాడుకలో ఇది గుణాలను, శక్తులను చెప్పడానికి బాగా కుదురుకుంది: పిల్లలకు కుతూహలం స్వతస్సిద్ధం, ఆమెకు సంగీతజ్ఞానం స్వతస్సిద్ధంగా అబ్బింది. ఇక్కడ రుజువు ప్రసక్తి లేదు, పుట్టుకతో వచ్చిందన్న భావమే ఉంది. రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడే రచయితలు ఉన్నారు, వ్యుత్పత్తిని బట్టి వారిని తప్పుపట్టలేం. అయినా గుణానికి స్వతస్సిద్ధం, మాటకు లేదా సత్యానికి స్వయంసిద్ధం అని విడదీసుకుంటే చదివేవారికి సందిగ్ధం ఉండదు. నేను దిద్దే రచనల్లో ఈ విభజననే పాటిస్తాను. మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థాన్ని విచారించే దర్శనం వారు, చెప్పే స్వతఃప్రామాణ్యం మరో సంగతి. జ్ఞానం పుట్టినప్పుడే ప్రమాణంగా పుడుతుందని, తప్పని తేలేవరకు నమ్మదగినదేనని వారి మతం. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, దీన్ని అంగీకరించక, జ్ఞానం సరైనదని బయటి ఆధారంతో తేలాలంటారు. ఆ వాదాన్ని గురించి రాసేటప్పుడు తప్ప ఆ పదం జోలికి పోనవసరం లేదు.

ఇంగ్లీషులో ట్రూయిజం అనేదాన్ని స్వయంసిద్ధ సత్యం అని అనువదించడం మరో పొరపాటు. ‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అని ఆసుపత్రి వార్షికోత్సవంలో అన్న వక్త కొత్తగా ఏమీ చెప్పలేదు, ఆ మాట పదేపదే విని అరిగిపోయింది. దీనికి మన దగ్గర చర్వితచర్వణం, అంటే నమిలినదాన్నే నమలడం, పిష్టపేషణం, అంటే రుబ్బిన పిండినే రుబ్బడం, అనే చక్కటి మాటలు ఉన్నాయి. మామూలు రచనలో ‘అరిగిపోయిన మాట’, ‘చెప్పనక్కర్లేని సంగతి’ అన్నా చాలు. స్వయంసిద్ధం వాదానికి పునాది, చర్వితచర్వణం ప్రసంగానికి బరువు. 

రాతలో జాగ్రత్తలు

సిద్ధంలో ద కింద ధ వత్తు ఉండాలి. సిధ్ అనే ధాతువుకు త చేరినప్పుడు ద్ధ ఏర్పడుతుంది, బుధ్ నుంచి బుద్ధ, శుధ్ నుంచి శుద్ధ వచ్చినట్టే. సిద్దం అని ద కింద ద వత్తు పెట్టి రాయడం తప్పు. స్వతః, సిద్ధం కలిసినప్పుడు విసర్గ సకారంగా మారి స్వతస్సిద్ధం అవుతుంది, విసర్గను ఉంచి స్వతఃసిద్ధం అని రాసినా దోషం లేదు. స్వతసిద్ధం అని ఒంటి సకారంతో రాయడం మాత్రం పొరపాటే. 

స్వయంసిద్ధం నామవాచకంగానూ పనిచేస్తుంది, బహువచనం స్వయంసిద్ధాలు. విశేషణంగా వాడాలంటే స్వయంసిద్ధమైన సత్యం అనవచ్చు, స్వయంసిద్ధ సత్యం అని సమాసమూ చేయవచ్చు. తెలుగు మాటతో నేరుగా అంటగట్టి స్వయంసిద్ధ మాట అంటే వైరి సమాసం అవుతుంది కాబట్టి స్వయంసిద్ధమైన మాట అనండి. ‘స్వయంసిద్ధమని నిరూపించారు’ అనే వాక్యం తనను తానే కొట్టివేసుకుంటుంది, నిరూపణ అవసరమైతే అది స్వయంసిద్ధం కాదు. ‘ఎంతో స్వయంసిద్ధం’, ‘మరింత స్వయంసిద్ధం’ వంటివి కూడా రాయకండి. ఒక మాట స్వయంసిద్ధం అవుతుంది, లేదా కాదు, ఇందులో ఎక్కువ తక్కువలు ఉండవు.

ఒక ప్రసిద్ధ వాక్యాన్ని అనువదించేటప్పుడు

ఈ పదం ప్రపంచ చరిత్రలో అందరికన్నా ఎక్కువగా వినబడిన చోటు 1776 జూలై 4 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన. మనుషులందరూ సమానులుగా సృష్టించబడ్డారనే మాటతో మొదలయ్యే సత్యాల వరుసకు అక్కడ స్వయంసిద్ధమనే విశేషణం ఉంది. జెఫర్సన్ రాసిన తొలి ముసాయిదాలో ఆ చోట ఉన్న మాటలు వేరు, ఈ సత్యాలు పవిత్రమైనవని, కాదనరానివని ఆయన మొదట రాశాడు. ఆ తరువాత జరిగిన దిద్దుబాటులో ఆ రెండు విశేషణాలూ పోయి స్వయంసిద్ధం వచ్చింది. ఆ మార్పు చిన్నది కాదు. పవిత్రం అంటే విశ్వాసం మీద, స్వయంసిద్ధం అంటే మనిషి బుద్ధి మీద భారం వేసినట్టు.

ఆ వాక్యాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు చాలామంది ‘మనుషులందరూ సమానులే అన్నది స్వయంసిద్ధ సత్యం’ అని రాసి ఊరుకుంటారు. ఇందులో ఒక ముఖ్యమైన క్రియ జారిపోయింది. మూలంలో ‘ఈ సత్యాలు స్వయంసిద్ధమైనవని మేము పరిగణిస్తున్నాం’ అనే అర్థం ఉంది. మేము అనే కర్త, పరిగణించడం అనే క్రియ ఉన్నందువల్లే అది జ్యామితి వాక్యం కాకుండా ఒక జనసమూహం చేసిన ప్రకటన అయింది. ఆ ప్రకటన వెలువడిన నాడు అమెరికాలో లక్షలమంది నల్లజాతి ప్రజలు బానిసలుగా ఉన్నారు, ముసాయిదా రాసిన జెఫర్సన్ కూడా బానిసలను ఉంచుకున్నవాడే. ఆ మేము అనే మాటలో ఎవరెవరు ఉన్నారనే ప్రశ్న అప్పుడే మొదలైంది. 1848లో సెనెకా ఫాల్స్ అనే ఊళ్ళో మహిళల హక్కుల కోసం సమావేశమైనవారు అదే వాక్యాన్ని తీసుకుని, స్వయంసిద్ధం అనే మాటను అలాగే ఉంచి, ‘పురుషులు’ ఉన్నచోట ‘పురుషులు, స్త్రీలు’ అని చేర్చారు. కాబట్టి తెలుగులో ‘మనుషులందరూ సమానులుగా సృష్టించబడ్డారన్న ఈ సత్యాన్ని మేము స్వయంసిద్ధంగా పరిగణిస్తున్నాం’ అని కర్తను, క్రియను రెండింటినీ నిలిపి రాయండి. 1776 వాక్యంలో ఉన్నది మనుషులు అనీ పురుషులు అనీ రెండు విధాలా చదవదగిన ఇంగ్లీషు మాట. 1848 నాటి మార్పును పక్కన చూపవలసి వచ్చినప్పుడు మొదటి వాక్యంలో ‘పురుషులందరూ’ అని రాస్తేనే రెండో వాక్యంలో చేర్చినది ఏమిటో తెలుగు పాఠకుడికి కనబడుతుంది.